తుపాకుల బీరువా

2024 అక్టోబరు 6, ఆదివారం

మా ఆయన టౌనోకు మతి తప్పిన ప్రతిసారీ తేదీ, సమయం వేసి రాయమని డాక్టరు దగ్గరి నర్సు ఒక నోట్‌బుక్ ఇచ్చింది. రాస్తున్నాను. ఇది ఆ పుస్తకం కాదు. నిన్న జరిగినది అందులో రాయడానికి చెయ్యి రాలేదు. ఎక్కడా రాయకపోతే, వారం తిరిగేసరికి అసలు జరగనే లేదని నాకు నేనే చెప్పుకుంటాను. ఆ అలవాటు నాకు ఉంది. అందుకే ఈ పుస్తకం.

శనివారం సాయంత్రం నాలుగున్నర. ఆవిరిస్నానం గదిలో పొయ్యి రాజేసే వేళ. కైయా, మా అబ్బాయి డేల్ కూతురు, పదమూడేళ్ళది, ఎప్పటిలాగే తలుపు కొట్టకుండా వెనకవైపు నుంచి వంటింట్లోకి వచ్చింది. మా వైపు తలుపు కొట్టేది ఓట్లడిగేవాళ్ళే. టౌనో తలుపు వెనక నుంచి చిన్న తుపాకీ తీశాడు. ముళ్ళపందుల కోసం ఉంచినది. తీసి పిల్ల గుండెకు గురిపెట్టాడు.

"ఎవరు నువ్వు? ఎవరింట్లోకొచ్చావ్?"

"తాతా, నేనే. కైయాని."

"ఏ కైయా?"

పిల్ల భుజం మీద తువ్వాలు ఉంది. పిల్ల కదల్లేదు. నేను వంటపొయ్యి దగ్గర ఉన్నాను. నేనూ కదల్లేదు. ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు. తర్వాత ఆయన ముఖం మారింది. తుపాకీ దించి నవ్వాడు.

"హడలిపోయావా! ఊరికే అన్నాన్లే."

కైయా నవ్వింది. నేనూ నవ్వాను. ముగ్గురం కూర్చుని కాఫీ తాగి, యాలకుల రొట్టె తిన్నాం.

ముప్పై ఏళ్ళ పాటు ఈ జిల్లా పిల్లలకు తుపాకీ భద్రత నేర్పిన మనిషి ఆయన. ఖాళీ తుపాకీయే అయినా, మనిషి వైపు తిప్పినవాణ్ణి అక్కడికక్కడే బయటికి పంపేవాడు. మళ్ళీ ఏడాదిదాకా రానిచ్చేవాడు కాదు.

నిన్నటి నవ్వు తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఆయనది కాదు, నాది.

అక్టోబరు 7

తుపాకీ తెరిచి చూశాను. ఖాళీగా లేదు.

అక్టోబరు 9

డేల్‌ని పిలిచి చెప్పాను. గుండు ఉన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తర్వాత రాస్తాను.

"నాన్న ఆటపట్టించాడమ్మా. కైయా కూడా అదే అంది."

"ఆటపట్టించేవాడు మనవరాల్ని 'ఏ కైయా' అంటాడా?"

"ఎనభై రెండేళ్ళమ్మా ఆయనకి. నేను కూడా ఒక్కోసారి మా ఫోర్‌మన్ పేరు మర్చిపోతాను."

"మర్చిపోయి తుపాకీ ఎత్తుతావా?"

 తుపాకులన్నీ తీసుకుపొమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"నావల్ల కాదు. నాన్న చేతిలోంచి తుపాకీ లాక్కున్న కొడుకునని ఊరంతా చెప్పుకుంటుంది. బీరువా కొందాం. మంచి ఇనప బీరువా. లోపల పెట్టి తాళం వేద్దాం. ఇంట్లోనే ఉంటాయిగా, ఆయన మనసు కష్టపెట్టుకోడు."

ఆ మాట అన్నాక వాడి ముఖం వెలిగిపోయింది. ఫోను తీసి బీరువాల బొమ్మలు చూపించడం మొదలుపెట్టాడు. ఏ రంగు బాగుంటుందని అడిగాడు. వాడికి యాభై నాలుగేళ్ళు. నాకు ఒళ్ళు కంపరమెత్తింది.

తుపాకులు లెక్కపెట్టాను. వంటింటి తలుపు వెనక ఒకటి, పడగ్గది మూల రెండు, మెట్ల కింద ఐదు, షెడ్డులో రెండు, ఆవిరిగది ముందరి అరలో ఒకటి. పదకొండు. ఈ ఇంట్లో బంగాళాదుంపలు కూడా ఒకేచోట ఉంటాయి. యాభై ఏడేళ్ళ కాపురంలో వీటి సంగతి నేను ఎన్నడూ అడగలేదు.

ఆయనకేం చెప్పాలన్నది తేల్చుకున్నాం. దొంగల భయం అని డేల్ అన్నాడు. చట్టం అని నేనన్నాను. పిల్లలు వచ్చిపోయే ఇంట్లో తుపాకులకు తాళం ఉండాలని ఫిబ్రవరి నుంచి చట్టం ఉంది. అది అబద్ధం కాదు.

అక్టోబరు 12, శనివారం

హౌటన్ ఊళ్ళో వేట సామాను అమ్మే కొట్టుకు ముగ్గురం వెళ్ళాం. టౌనో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

ఇలాంటి చోటికి మళ్ళీ అడుగుపెట్టను. గోడల నిండా చచ్చిన జంతువుల తలలు, వాటి కింద పాప్‌కార్న్ యంత్రం. ఒక మూల గులాబి రంగు బీరువా, తలుపు మీద పువ్వులు, లోపల నగల సొరుగు. ఆడవాళ్ళ కోసమట. అమ్మే కుర్రాడు నన్ను తిన్నగా దాని దగ్గరికే తీసుకెళ్ళాడు.

"నగలు లేవు. పదకొండు తుపాకులున్నాయి," అన్నాను.

అతను వెంటనే డేల్ వైపు తిరిగాడు. ఆ తర్వాత నేను ఏమడిగినా జవాబు డేల్‌కే చెప్పాడు.

"ఇది ఇరవై నాలుగు తుపాకుల బీరువా సార్."

టేపు తీసి కొలిచాను. లోపలి గాడికీ గాడికీ మధ్య రెండంగుళాలు. ఉత్త గొట్టాలైతే పడతాయి. దుర్భిణి బిగించిన తుపాకులైతే పన్నెండుకు మించి పట్టవు.

"ఇరవై నాలుగని ఎవరు లెక్కపెట్టారు?"

"కంపెనీవాళ్ళే రాస్తారు సార్." డేల్‌తో మెల్లిగా, "అమ్మగారు లెక్కల టీచరా ఏంటి?"

"ముప్పై నాలుగేళ్ళు," అన్నాను. "నువ్వు నా దగ్గర చదువుకోలేదు. చదివుంటే ఇంకా తొమ్మిదో తరగతిలోనే ఉండేవాడివి."

టౌనో పకపకా నవ్వాడు. తర్వాత ఆ కుర్రాడు ఇంకోటి చూపించి, ఇది పద్నాలుగో నంబరు రేకు, పన్నెండు కంటే గట్టిదన్నాడు. టౌనో ముందుకొచ్చి తలుపు మీద వేలి కణుపుతో తట్టాడు.

"అబ్బాయ్, నంబరు పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది. నలభై ఏళ్ళు గని వర్క్‌షాపులో రేకు కోశాను. పన్నెండోది చూపించు. కీళ్ళు లోపలివైపు ఉండేది."

 టౌనో ఆరు బీరువాలు తట్టి, ఏడోది ఎంచాడు. ముదురు ఆకుపచ్చ, ఐదు వందల నలభై పౌన్లు. మీటలు నొక్కే తాళం వద్దు, చక్రం తిప్పేది కావాలన్నాడు. చక్రమైతే చలికాలం వేళ్ళు కొంకర్లుపోయినప్పుడు తిప్పలేవని డేల్ మీటలకే ఒప్పించాడు.

ఎంత చక్కగా ఎంచాడో! అంత తెలివీ ఇంకా ఉంది. తనను బయట పెట్టడానికే కొంటున్న తలుపును తనే తట్టి చూసి, ఇది గట్టిది అని చెప్పాడు. నేను పక్కన నిలబడి తలాడించాను.

చట్టం ఉంది. అది అబద్ధం కాదు.

అక్టోబరు 15

కింది గది పనికిరాదు, ఏప్రిల్లో మంచు కరిగితే నీళ్ళొస్తాయి. పడగ్గదిలో కింద చెక్క, బరువు ఆగదు. నా కుట్టుగదిలో మాత్రమే కింద కాంక్రీటు ఉంది. తలుపు ముప్పై అంగుళాలు, బీరువా ఇరవై ఎనిమిదిన్నర. పిడి ఊడదీసి తేవాలి. టౌనో టేపు ఒక కొస పట్టుకున్నాడు, నేను ఇంకో కొస.

"నీ మిషను ఎక్కడ పెడతావ్ ఐలీ?"

"హాల్లో."

"నా సామాను కోసం నీ గది పోతోంది. నేను మెచ్చుకున్నట్టు రాసుకో."

రాశాను.

అక్టోబరు 23, బుధవారం

బిగించారు. డెనిస్ అనే అతనూ, అతని బావమరిదీ వచ్చారు. బురద బూట్లతో హాలంతా తొక్కారు. గోడ కాగితం మీద నల్లటి గీత, గడప మీద లొట్ట. నేలలో నాలుగు రంధ్రాలు తొలిచేసరికి సిమెంటు దుమ్ము పరుపుల దాకా వెళ్ళింది. డేల్ బీరు డబ్బా పట్టుకుని నిలబడి వేట కబుర్లు చెప్పాడు. పని చేసింది ముగ్గురే, మూడోవాడు టౌనో. మట్టం పెట్టి చూసి, ఎడమ మూల కింద సన్నటి రేకు దూర్పించమన్నాడు.

"లేకపోతే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది," అన్నాడు.

"మాకంటే బాగా తెలుసే పెద్దాయనకి!" అన్నాడు డెనిస్.

వాళ్ళు వెళ్ళాక డేల్ నన్ను వంటింట్లోకి లాగి, చెవిలో నంబరు చెప్పాడు. ఆరు అంకెలు. "దొంగ వందేళ్ళు కూచున్నా దొరకదు. నాన్నకి మాత్రం చెప్పకు." తేలిగ్గా గుర్తుండే నంబరు. మంచిదే అనుకున్నాను.

బయటికి రాగానే టౌనో అడిగాడు. "నంబరెంతరా?"

"ఇంకా పెట్టలేదు నాన్నా."

అప్పటికే తాళం పడిన బీరువా ముందు నిలబడి అన్నాడా మాట. టౌనో వాడి ముఖంలోకి కాసేపు చూశాడు. "సరే," అని చీపురు తెచ్చి దుమ్ము ఊడ్చాడు.

నా ఇంట్లో, నా ఎదురుగా, నా కొడుకు తండ్రిని చిన్నపిల్లాణ్ణి చేశాడు. నేను చెత్త ఎత్తే చేట పట్టుకున్నాను.

అక్టోబరు 27

పదకొండూ లోపలే ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. తూటాలన్నీ డేల్ పట్టుకుపోయాడు. ఇంక భయం లేదు.

నవంబరు 2

కైయా ఈ రోజు ముందు తలుపు దగ్గరికి వచ్చి గంట కొట్టింది.

నవంబరు 5

ఓటు వేసొచ్చాం. టౌనో సంతకం తిన్నగానే ఉంది. ఇంక భయం లేదు.

నవంబరు 12, మంగళవారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

పదిహేనో తేదీన జింకల వేట మొదలు. ఆ రోజు మా జిల్లాలో బడులకు సెలవు. సెలవు ఇవ్వని రోజుల్లో కూడా నా తరగతిలో అబ్బాయిల బల్లలు ఖాళీగానే ఉండేవి. వేటకు వెళ్ళేవాళ్ళకు అమ్మడానికి చర్చిలో పాస్టీలు, అంటే మాంసం కూరిన రొట్టెలు, చేస్తాం. పొద్దున్న దానికి వెళ్ళి, రెండూ పదికి ఇంటికి వచ్చాను.

తలుపు తీయగానే నూనె వాసన. భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద పది తుపాకులు, వరసగా, గొట్టాలన్నీ గోడ వైపు. టౌనో నారింజ రంగు వేట కోటు వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాడు. పదకొండోది ఒళ్ళో ఉంది. బల్ల మీద పోయినేటి తూటాల డబ్బా. కోటు జేబులోనే ఉండిపోయిందట. డేల్ ఇల్లంతా వెతికాడు. ఈ కోటు ఒక్కటే వెతకలేదు.

"ఎలా తెరిచావు?"

"తలుపు లాగి."

"నంబరు ఎవరు చెప్పారు?"

నా వైపు జాలిగా చూశాడు. "ఒకరు చెప్పాలా ఐలీ? పదకొండు, పదిహేను, అరవై ఏడు. వాడింకేం పెడతాడు?"

పదకొండో నెల, పదిహేనో తేదీ, ఏటా వేట మొదలయ్యే రోజు. అరవై ఏడులో ఆయన కొట్టిన పన్నెండు కొమ్మల జింక తల హాల్లో గోడ మీద ఉంది. పొద్దున్న తిన్నాడో లేదో గుర్తులేని మనిషి మొదటిసారికే తెరిచాడు. మా పెళ్ళి జరిగిందీ ఆ ఏడే. అది ఎవరికీ గుర్తు రాలేదు.

ఒళ్ళో ఉన్నదాంట్లో అప్పటికే నాలుగు తూటాలు వేశాడు. కైయా మంగళవారాలు లెక్కలు చెప్పించుకోవడానికి బడి నుంచి నేరుగా ఇక్కడికే వస్తుంది. బస్సు మూడూ నలభైకి. ఇవ్వమని చెయ్యి చాపాను. ఆయన తుపాకీని దగ్గరికి లాక్కున్నాడు. కళ్ళు మారిపోయాయి.

"మీరెవరండీ? ఏ పిల్లాడి తల్లి?"

ఫోను చేయాలంటే హాల్లోకి వెళ్ళాలి. ఆయన్ను వదిలి వెళ్ళలేను. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"పిల్లలందరూ వచ్చేశారు మాస్టారూ. క్లాసు మొదలుపెట్టండి," అన్నాను.

ఆయన లేచాడు. కోటు సవరించుకున్నాడు. గొట్టం గోడ వైపే ఉంచాడు. ముప్పై ఏళ్ళ కిందటి గొంతు వచ్చింది.

"మొదటి పాఠం. ఏ తుపాకీ అయినా నిండుగా ఉందనే అనుకోవాలి. ఖాళీ అని అమ్మ చెప్పినా, నాన్న చెప్పినా, నేను చెప్పినా నమ్మకూడదు. తెరిచి చూడాలి."

ఒళ్ళోంచి తీసినదాన్ని తెరిచి, నాలుగు తూటాలూ ఒక్కొక్కటే బల్ల మీద నిలబెట్టాడు. నా ముందుకు పెట్టాడు.

"చూశారా?"

"చూశానండీ."

"కళ్ళతో కాదు. చిటికెన వేలు పెట్టి చూడండి."

వేలు పెట్టాను. అలా పదకొండూ తెరిచాడు. పదకొండింటిలోనూ నా వేలు పెట్టించాడు. ఒకచోట తొందరపడితే, "మళ్ళీ," అన్నాడు. తర్వాత ఒక్కొక్కటీ నేను లోపలికి చేరవేశాను. తూటాలు డబ్బాతో సహా నా ఏప్రను జేబులో వేసుకున్నాను. తలుపు మూసేసరికి మూడూ ముప్పై ఒకటి. ఆయన చేతులు కడుక్కుని, కాఫీ ఉందా అని అడిగాడు.

కైయాకు గుణకారాల్లో రెండు తప్పులు వచ్చాయి. దిద్దాను.

సాయంత్రం డెనిస్‌కు ఫోను చేసి, నంబరు మార్చడం ఎలాగో చెప్పమన్నాను. అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఈ జిల్లాలో సగం బీరువాలు పదకొండు పదిహేనేనమ్మా. మిగతా సగానికి నంబరు చీటీ తలుపు మీదే అతికించి ఉంటుంది."

డేల్‌ను తిట్టుకోవడానికి నాకు హక్కు లేదు. ఆ నంబరు విన్నప్పుడు, తేలిగ్గా గుర్తుంటుందని మెచ్చుకున్నది ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన నేను. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళ బుర్ర ఎలా పనిచేస్తుందో నాకే తెలియదా? నా మీద నాకే రోత పుడుతోంది.

నవంబరు 13

నంబరు మార్చాను. నాకు తప్ప ఎవరికీ తెలియదు.

టౌనో పొద్దున్న నుంచి దాని ముందే ఉన్నాడు. ఆరు మీటలు నొక్కుతాడు. ఎర్ర దీపం. పిడి లాగి చూస్తాడు. మళ్ళీ నొక్కుతాడు.

"ఐలీ, ఇది పాడైంది. డెనిస్‌ని పిలు."

"బ్యాటరీ అయిపోయింది," అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట.

ఆయన సొరుగు వెతికి, సరైన బ్యాటరీయే పట్టుకొచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని, కొసలు చూసి మరీ వేశాడు. మీటలు నొక్కాడు. ఎర్ర దీపం. మధ్యాహ్నానికి పంతొమ్మిదిసార్లు. ఇరవయ్యోసారి నొక్కలేదు. తన చేతులు తిప్పి చూసుకున్నాడు.

"నా వేళ్ళే పాడైనట్టున్నాయి," అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమాను. అప్పటికే తోమిన గిన్నెలు.

నవంబరు 14, గురువారం

డేల్ సాయంత్రం వచ్చాడు. వాడి దగ్గర ఉపాయం ఉంది.

"రేపు నాన్నని అడవిలో వేట గుడిసెకి తీసుకెళ్తానమ్మా. పక్కనే కూర్చుంటాను. తుపాకీ ఇస్తాను, తూటాల్లేకుండా. ఆయనకేం తెలుస్తుంది?"

"మొట్టమొదట తెరిచి చూస్తాడు. నీకు నేర్పింది ఎవరు?"

"చూస్తే చూశాడు. మర్చిపోయాం నాన్నా అంటాను."

"అంటే ఆయనే మర్చిపోయాడని ఆయన్ని నమ్మిస్తావు. నిన్న నేను ఆ పని చేశాను. బాగా చేశాను. ఇంక ఈ ఇంట్లో ఎవరూ చేయొద్దు."

"మరి ఏం చెయ్యమంటావమ్మా? తీసేస్తే చచ్చిపోతాడాయన."

అప్పుడు చెప్పాను. ఆ రోజు కైయా గుండెకు గురిపెట్టిన తుపాకీలో గుండు ఉందని. రెండు రోజుల తర్వాత చూశానని. ముప్పై ఎనిమిది రోజులుగా దాచానని.

వాడు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మాల్సి వస్తుంది కనుక. మీ నాన్న అలాంటి మనిషని."

వాడు అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. "అది ఆట కాదని కైయా మొదటి రోజే చెప్పిందమ్మా. ఆటేనని అనమన్నది నేనే. తాత బాధపడతాడన్నాను."

పదమూడేళ్ళ పిల్లను అబద్ధమాడమన్నాడు. ఆ పిల్ల మా అందరి కోసమూ ఆడింది. మంగళవారం వచ్చి, నా పక్కన కూర్చుని, గుణకారాలు చేసింది. నేను తప్పులు దిద్దాను. ఇంతకంటే నీచమైన పెద్దవాళ్ళను నేను ఏ తరగతి పిల్లల ఇళ్ళలోనూ చూడలేదు.

టౌనో పక్క గదిలో రేడియో వింటున్నాడు. వాతావరణం చెబుతున్నారు. రేపు పొద్దున్న మంచు పడుతుందట. జింకల జాడలు బాగా కనిపిస్తాయని గట్టిగా అరిచి చెప్పాడు మాకు.

రేపు జరగవలసినవి:

1. ఉదయం ఏడుకు, కాఫీ అయ్యాక, టౌనోకు చెప్పాలి. చెప్పేది నేను. డేల్ వేటకు వెళ్ళకూడదు. పక్కన కూర్చోవాలి, నోరు విప్పకూడదు.

2. చెప్పవలసిన మాటలు: "నువ్వు కైయా మీదికి తుపాకీ ఎత్తావు. అందులో గుండు ఉంది. నీకు మతి తప్పుతోంది. తుపాకులు ఇంక ఈ ఇంట్లో ఉండవు." దొంగల మాట, చట్టం మాట ఎత్తకూడదు.

3. నేను నంబరు నొక్కి తెరవాలి. పదకొండూ టౌనోయే తెరిచి, ఖాళీ అని చూపించి, తన చేత్తో డేల్‌కు ఇవ్వాలి. ఇవ్వనంటే నేను ఇస్తాను. ఆయన చూస్తుండగానే, ఆయన నిద్రపోయాక కాదు.

4. దానికంటే ముందు డేల్, ఇవన్నీ పెట్టబోయే తన ఇంటి బీరువా నంబరు మార్చాలి. అదీ పదకొండు పదిహేనేనని ఈ రోజు ఒప్పుకున్నాడు.

5. డాక్టరు పుస్తకంలో అక్టోబరు 5, నవంబరు 12 ఎక్కించాలి. ఏదీ తగ్గించి రాయకూడదు.

6. కైయాకు డేల్ క్షమాపణ చెప్పాలి. తర్వాత నేను.

7. మధ్యాహ్నానికి టౌనో అంతా మర్చిపోయి, తుపాకులేవని అడుగుతాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. ఆయన మొదటిసారి విన్నట్టే వింటాడు. ఆ ముఖం చూస్తూ కూర్చోవాలి. లేచి వంటింట్లోకి పోకూడదు.